గొంతు ఆమెది, చూపు ఎవరిది? వీడియో పాటను విడదీసి చూడటం

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. ఒక జానపద వీడియో పాటను తీసుకుని కెమెరా పనితనం, రంగుల ప్రతీకలు, స్త్రీ పురుషుల చిత్రణ గురించి 1,500 మాటల వ్యాసం రాయాలి. పాట నిడివి మూడున్నర నిమిషాలు. మరదలు బావను ఆటపట్టించే పాట. కళింగపట్నం తీరంలోనూ ఒక తాటితోపులోనూ తీశారు. పల్లవిలో ఆమెది పసుపు ఓణీ, ఆఖరి చరణంలో ఎర్ర చీర. అతను బుల్లెట్ బండి మీద వస్తాడు. రంగుల అర్థాల పట్టిక ఒకటి దొరికింది గానీ అందులో పసుపు అంటే పిరికితనం, తెలుపు అంటే పెళ్లికూతురు అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? పాట తీసినవాళ్లను అడిగి రాస్తే తప్పా?

సమాధానం:

ముందు ఆ పట్టికను పక్కన పెట్టండి. పసుపు అంటే పిరికితనం అన్న మాటను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నిలబడి అని చూడండి. పైడితల్లమ్మ గుడికి వెళ్లే ఏ ముత్తైదువైనా మీకు తగిన సమాధానం చెబుతుంది. రంగుల సంగతికి తర్వాత వస్తాను.

నేను విజయనగరంలో పెళ్లి వీడియోలతో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా కెమెరా వెనకే ఉన్నాను. సినిమాలకు చెందని ప్రైవేటు పాటలు చాలా తీశాను, తీసినవాటికంటే ఎక్కువ ఎడిట్ చేశాను. మీ మాస్టారు పాటను తెర ముందు నుంచి చూస్తారు, నాకు అలవాటైంది తెర వెనక నుంచి. అందుకని నా సలహాలో కొంత వంటింటి వాసన ఉంటుంది, సర్దుకోండి.

పాట చూడగానే అభిప్రాయం రాయకండి. మొదట లెక్క రాయండి. ఈ బుద్ధి నాకు ఎలా వచ్చిందో చెబుతాను.

కొన్నేళ్ల కిందట పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలో ఒక పాట తీశాం. మన తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస పోయి నెలల తరబడి అక్కడి బోట్ల మీద పని చేయడం మీకు తెలిసినదే. అలా వెళ్లిన మగడిని ఇంటి దగ్గరున్న భార్య నిలదీసే పాట అది. పండగ దాటిపోయింది, పంపిన డబ్బు వడ్డీకే చాలలేదు, నువ్వెప్పుడొస్తావు అన్నది దాని సారం. రాసినాయన బాగా రాశాడు, పాడిన ఆమె ఇంకా బాగా పాడింది. మేము తీసినది మాత్రం ఇది: అలల అంచున ఇసుకలో పడుకున్న అమ్మాయి, గాలికి ఎగిరే పైట, తడిసిన పాదాలు, నడుము మీద నుంచి మెల్లగా పైకి జరిగే కెమెరా. చేపల గంప పక్కన దించుకుని చూస్తున్న ఒక పెద్దావిడ, షాట్ ముగిశాక నా దగ్గరికి వచ్చి అడిగింది: “ఏం బాబూ, మగడు ఊళ్లో లేనిదానికి ఇసుకలో పొర్లే తీరిక ఎక్కడిది? గంప ఎవరు మోస్తారు?”

యూనిట్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఆ మాట మళ్లీ చెవిలో పడింది. కాగితం తీసుకుని షాట్లు లెక్కపెట్టాను. కోత లేకుండా ఒకే బిగిన సాగే బొమ్మ ఒక షాట్. మొత్తం 96. ఆమె ఉన్నవి 61. వాటిలో మొహం దగ్గరగా కనిపిస్తూ ఆమె పాట పలికినవి 9. మొహం లేకుండా నడుమో వీపో పాదాలో జడో మాత్రమే ఉన్నవి 23. ఆమె సముద్రం వైపు చూస్తున్నవి 7. ఆమె చూస్తున్న సముద్రాన్ని చూపినది ఒక్కటీ లేదు! సముద్రం లేక కాదు, డ్రోన్‌తో తీసిన సముద్రం 11 సార్లు వచ్చింది. అది గద్ద చూసే సముద్రం, లేకపోతే డ్రోన్ అద్దెకు తెచ్చిన నేను చూసే సముద్రం. మగడి కోసం ఒడ్డున నిలబడిన మనిషికి సముద్రం అలా కనిపించదు. ఆమె కంటి ఎత్తులో అది ఒక గీత, ఆ గీత మీద ఏదైనా తెరచాప పొడుస్తుందేమోనని చూపు.

మీ వ్యాసం మొత్తం ఇక్కడి నుంచే అల్లుకోవచ్చు. మన ఉత్తరాంధ్ర జానపదాల్లో చాలాసార్లు మాట్లాడేది ఆడమనిషే. నిలదీస్తుంది, వెక్కిరిస్తుంది, బావకు పేర్లు పెడుతుంది, అత్తను ఆడిపోసుకుంటుంది. అదే పాట వీడియో అయ్యేసరికి అంత మాటకారీ నలుగురూ చూసే బొమ్మ అయిపోతుంది. గొంతు ఆమెదే, చూపు వేరేవాళ్లది. ఈ రెండూ ఎక్కడ కలిశాయి, ఎక్కడ తగవు పడ్డాయి అన్నది పట్టుకుంటే కెమెరా, రంగు, స్త్రీ పురుషుల చిత్రణ అంటూ మూడు ముక్కలు విడివిడిగా రాసి అతికించే పని తప్పుతుంది.

పని ఇలా చేయండి. ఒకసారి ఫోన్ బోర్లా పెట్టి పాట మాత్రమే విని, మాటలన్నీ రాసుకోండి. ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. దరువు లేకపోతే బొమ్మ బండారం బయటపడుతుంది. మూడోసారి వేగం పావు వంతుకు తగ్గించి, ఒక్కో షాట్‌కు ఒక్కో వరుస రాయండి: ఎన్నో సెకను, పాటలో ఏ మాట, ఫ్రేములో ఎవరు, ఎంత దగ్గర, కెమెరా ఎత్తు, కదలిక, ముఖ్యమైన రంగు. చివరి గడిలో ఎవరు ఏమి చేస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు అన్నది రాయండి. ఒక పూట పడుతుంది. ఓపిక లేకపోతే పల్లవి, ఒక చరణం, ఆఖరి ముప్పై సెకన్లు చాలు. అన్నట్టు, రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని తెరను పసుపు వన్నెకు తిప్పే ఏర్పాటు ఫోన్లలో ఉంటుంది, దాన్ని ఆపేయండి. పాట అంతా బంగారు వన్నెలో తీశారని రాసుకొచ్చిన ఒక అబ్బాయి ఫోన్ తెరిచి చూస్తే ఆ వన్నె దర్శకుడిది కాదు, ఫోన్‌ది.

కెమెరా సంగతి. క్లోజప్, మిడ్ షాట్, లాంగ్ షాట్ వంటి వాటి నిర్వచనాలు మీ పాఠంలో ఉంటాయి, నేను మళ్లీ చెప్పను. కెమెరా ఎత్తు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కింది నుంచి తీస్తే మనిషి గొప్పగా, పై నుంచి తీస్తే తక్కువగా కనిపిస్తాడని అందరూ రాసే సూత్రం ఒకటుంది. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం నాడు జనంలో నిలబడినవారికి ఆ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం, ఆ పొడవాటి మాను చివర కూర్చున్న పూజారిని ఊరంతా తల ఎత్తి చూస్తుంది. కూర్చున్నది మగమనిషి, జనం దండం పెట్టేది అమ్మవారికి. తల ఎత్తి చూసే చూపుకు అంత బలం ఉంది. మీ పాటలో బావ బండి దిగే షాట్ చక్రం ఎత్తు నుంచి తీసి ఉంటారని పందెం కాస్తాను. ముందు బూటు, ఆ వెనక బండి ట్యాంకు, ఆఖరున నల్ల కళ్లద్దాలు. మరి మరదలిని కింది నుంచి తీసిన షాట్ ఉందా? ఉంటే అది మొహం దాకా వెళ్లిందా, నడుము దగ్గర ఆగిపోయిందా? రెండు చోట్లా కెమెరా ఒకే ఎత్తున ఉంది. ఒకచోట తల ఎత్తి చూస్తోంది, మరొకచోట తొంగి చూస్తోంది. సూత్రం ఒక్కటే రాసి వదిలేస్తే ఈ తేడా చేతికి చిక్కదు.

లెన్స్ ఏదో తెలియాలంటే కెమెరామన్‌ను అడగక్కర్లేదు, కంటితోనే పట్టవచ్చు. ఆమె వెనక ఉన్న లైట్‌హౌస్ మీదికి వాలినంత పెద్దగా కనిపిస్తే, దూరం నుంచి పొడవు లెన్స్‌తో తీశారు. 85 మిల్లీమీటర్లు, ఆపైన. అదే లైట్‌హౌస్ అగ్గిపుల్లంత ఉండి, ఆమె చాచిన చెయ్యి ఫ్రేము అంచున సాగదీసినట్టు ఉంటే 24 మిల్లీమీటర్లో, ఇంకా వెడల్పు లెన్సో. పొడవు లెన్స్‌లో మొహానికి అందం వస్తుంది, వెనకున్న ఊరు మసకబారి రంగు మరకలుగా మిగులుతుంది. బావకు వెడల్పు లెన్స్ పెట్టి తోపు, రోడ్డు, బండి, స్నేహితులు అన్నీ అతని వెనక పరుస్తారు. మరదలి దగ్గరికి వచ్చేసరికి పొడవు లెన్స్ పెట్టి ఊరిని చెరిపేస్తారు. పాటలో ఊళ్లో పుట్టి పెరిగినది ఆమె, అతనేమో చుట్టపుచూపుగా వచ్చినవాడు. తెర మీద ఊరు ఎవరిదిగా కనిపిస్తోందో చూడండి.

స్లో మోషన్ గురించి తీసేవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక సంగతి ఉంది. సెకనుకు 24 ఫ్రేములతో చూపే పాటను 48 ఫ్రేములతో తీస్తే కదలిక సగానికి నెమ్మదిస్తుంది. అప్పుడు పెదాలు పాటతో కలవాలంటే లొకేషన్‌లో పాటను రెండింతల వేగంతో వినిపించాలి, ఆర్టిస్టు ఆ వేగానికే పెదాలు కదపాలి. కీచుగొంతుతో పరుగెత్తే పాటకు మొహంలో భావం పోకుండా పలకడం అలవాటు లేనివారికి చాలా కష్టం. తక్కువ డబ్బుతో రెండు రోజుల్లో తీసే పాటల్లో ఆ తలనొప్పి ఎవరూ పెట్టుకోరు. నెమ్మదించిన షాట్లలో అమ్మాయి పాడదు. జుట్టు విసురుతుంది, వెనక్కి తిరుగుతుంది, నీళ్లు చిమ్ముతుంది. అంటే బొమ్మ నెమ్మదించిన ప్రతిసారీ ఆమె నోరు మూతపడుతోంది! ఎవరూ కుట్ర పన్నలేదు, పని సులువు కావాలనుకున్నారు, అంతే. అయినా చూసేవాడికి మిగిలేది ఆ మూసిన నోరే. బావకూ స్లో మోషన్ ఉంటుంది, కాకపోతే అతను నడుస్తుంటాడు. ఎక్కడికో వెళ్తున్న మనిషికీ, ఉన్నచోటే గిర్రున తిరిగే మనిషికీ ఎంత తేడా!

ఇంకొకటి మన తీరం వాళ్లు ఇట్టే పట్టేయగలది. బంగాళాఖాతం మనకు తూర్పున ఉంది. కళింగపట్నంలో నీళ్ల మీద ఎర్రటి సూర్యుడు కనిపిస్తే అది పొద్దుపొడుపే, పొద్దుగుంకే సూర్యుడు మన వెనక ఊరి వైపు దిగుతాడు. విరహం చరణానికి పొద్దుపొడుపును తెచ్చి సాయంత్రంగా అతికించడం మేమంతా చేసే పనే. మీ పాటలో అలా ఉంటే తప్పుగా రాయకండి, వాడుకున్న పద్ధతిగా రాయండి. ఆ ఒక్క షాట్ కోసం ఆ అమ్మాయికి తెల్లవారుజామున మూడింటికి మేకప్ మొదలై ఉంటుంది.

వెలుతురు గురించి ఒక్క మాట. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ అరసవల్లి సూర్యదేవాలయంలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే ఆ కొద్ది నిమిషాలూ జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. చీకటి గర్భాలయంలో వెలుగు పడిన చోటికే అన్ని కళ్లూ పోతాయి. ప్రతి షాట్‌లో అన్నిటికంటే వెలుతురుగా ఉన్న చోట వేలు పెట్టి చూడండి. వేలు మొహం మీద ఎన్నిసార్లు పడింది, ఇంకెక్కడ ఎన్నిసార్లు పడింది అన్నదీ మీ లెక్కలోకి వస్తుంది.

ఇక రంగులు. ఏ రంగుకూ దానంతట అదే అర్థం ఉండదు. ఏ ఊళ్లో, ఎవరి ఒంటి మీద, పక్కన ఏముంది, అంతకుముందు ఏముంది అన్నవి కలిస్తేనే అర్థం. తెలుపునే తీసుకోండి. మన పెళ్లిళ్లలో మధుపర్కాలు తెలుపే, అంచు మాత్రం ఎరుపో పసుపో. ఒకప్పుడు కొన్ని ఇళ్లలో భర్త పోయినవారికి కట్టబెట్టినదీ తెలుపే, అంచు లేకుండా. కథంతా రెండు వేళ్ల అంచులో ఉంది. అదే తెలుపు పొందూరు ఖద్దరు పంచెగా పెద్దమనిషి ఒంటి మీదకు వస్తే హోదా అవుతుంది. మగవాడికి పరువు తెచ్చిన రంగే ఆడమనిషికి లేమిని చాటింది. రంగుల గురించీ స్త్రీ పురుషుల గురించీ ఒకే పేరాలో రాయవచ్చని నేను అనేది ఇందుకే.

ఎరుపూ అంతే. కుంకుమ ఎరుపు, పెళ్లిచీర ఎరుపు. 1967లో మొదలైన శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటపు జెండా కూడా ఎరుపే. సీతంపేట కొండల ముందు ఎర్ర తుండు భుజాన వేసుకున్న కుర్రవాడు కనిపిస్తే అది ప్రేమకు గుర్తని ఇక్కడ ఎవరూ అనుకోరు. ఆ పాటే వేరే రాష్ట్రంలో చూసేవారికి అందమైన కొండ, అందమైన తుండు.

మీ పాటలో పసుపు ఓణీ ఎర్ర చీరగా మారింది. రంగు మారిందనే దానికంటే ఓణీ పోయి చీర వచ్చిందన్నది పెద్ద సంగతి. మన కంటికి ఓణీ అంటే పెళ్లి కావలసిన పిల్ల. ఎర్ర చీర వచ్చేసరికి బొమ్మ పెళ్లి చేసేసింది. ఇప్పుడు ఆఖరి చరణం మాటలు చూడండి. మరదలు బావకు సరేనందా, ఇంకా వెక్కిరిస్తూనే ఉందా? ఆమె నోటితో ఒప్పుకోకముందే ఒంటికి ఎర్ర చీర చుట్టేసి ఉంటే, తగవును ఆమె చేతుల్లోంచి లాక్కుని బొమ్మే తీర్పు చెప్పినట్టు. నేనైతే వ్యాసాన్ని ఈ ఒక్క పరిశీలనతో మొదలుపెడతాను. బావ బట్టలు కూడా గమనించండి. మొదటి నుంచి చివరిదాకా అదే నల్ల చొక్కా అయితే, మారవలసినది ఆమె ఒక్కతే అని పాట చెప్పకనే చెబుతోంది.

బట్టల రంగు వేరు, తీసిన తర్వాత బొమ్మ మీద మేము పూసే రంగు వేరు. ఒంటి రంగును నారింజ వైపు, నీడలను నీలాకుపచ్చ వైపు లాగే పద్ధతి ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ రెండు రంగులూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి మనిషి ముందుకు పొడుచుకొస్తాడు. అందుకు బదులుగా తాటాకు పచ్చదనం చచ్చిపోతుంది. నీలం కనిపించగానే విషాదం అని రాయకండి. వెలుతురు వన్నెకు తగ్గట్టు కెమెరాలో సరిపెట్టే కొలత ఒకటుంది, వైట్ బ్యాలెన్స్ అంటాం. ఎండలో దాన్ని 5600 కెల్విన్ దగ్గర పెట్టాలి. దాన్ని 3200కు దించి, కాస్త చీకటి చేసి తీస్తే పట్టపగలు వెన్నెల అయిపోతుంది. ఆ నీలం దుఃఖం గురించి చెబుతోందా, ఇది రాత్రి అని మాత్రమే చెబుతోందా అన్నది పాట మాటలు చూసి తేల్చండి.

నాకు సిగ్గు అనిపించే పని ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎడిటింగ్ గదిలో నిర్మాతలు అందరికంటే ఎక్కువగా అడిగేది, అమ్మాయిని ఇంకొంచెం తెల్లగా చేయమని. అబ్బాయి గురించి అలా అడిగినవారు నాకు పెద్దగా తగల్లేదు. మొహం చుట్టూ గుండ్రంగా ఒక మాస్క్ గీసి, దాని లోపల మాత్రం వెలుతురు పెంచుతాం. తల కదిలితే ఆ మాస్క్ కూడా కదలాలి. తల చటుక్కున తిప్పినప్పుడు అది ఒక్క క్షణం వెనకపడి, చెవి పక్కన గాలిలో తెల్లటి మరక తేలుతుంది. పావు వేగంలో చూస్తే మీకూ దొరుకుతుంది. మాస్క్ బాగా కుదిరితే చేతులు చూడండి, మొహం పాలలో కడిగినట్టుండి మోచేతులు చామనఛాయలో ఉంటాయి. రంగుల ప్రతీక అనగానే అందరూ చీర గురించి రాస్తారు. ఒంటి మీద వేసిన ఈ రంగు గురించి రాసినవారు నాకు కనిపించలేదు, మీరు రాయండి.

స్త్రీ పురుషుల చిత్రణ దగ్గర మీ మాస్టారు సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ పేరు చెప్పే ఉంటారు. సినిమాల్లో చూసేవాడు మగవాడు, చూపించేది ఆడమనిషిని అని 1975లో ఆమె రాసిన వ్యాసం చాలా వాదాలకు మూలం. తప్పక వాడుకోండి, కానీ ఆమె మాట్లాడింది అప్పటి హాలీవుడ్ కథాచిత్రాల గురించి అన్నది మరవకండి. ఆ సినిమాల్లో పాత్రలు మామూలుగా కెమెరాలోకి చూడవు. మన పాటలో చూస్తారు, ఎందుకంటే జానపదం ఎప్పుడూ ఎదురుగా కూర్చున్న జనానికి పాడేదే. కాబట్టి మరదలు కెమెరాలోకి చూసినంత మాత్రాన కవ్వింపు అనో, ధైర్యం అనో ముద్ర వేయకండి. “బావా” అని పిలిచిన ప్రతిచోటా ఆమె ఎవరి వైపు చూస్తోందో రాయండి. బావ వైపు చూస్తే తగవు వాళ్లిద్దరి మధ్య ఉంది. మన వైపు చూస్తే బావ స్థానంలో మనల్ని కూర్చోబెట్టారు.

గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో ప్రకటనల బొమ్మలు ముందేసుకుని చిన్న చిన్న భంగిమలు పరిశీలించాడు. ఆయన పట్టుకున్న వాటిలో నాకు బాగా పనికొచ్చింది చేతుల సంగతి. మగవాళ్ల చేతులు వస్తువును గట్టిగా పట్టుకుంటాయి, ఆడవాళ్ల వేళ్లు దాన్ని అలా తాకి వదిలేస్తాయి. మీ పాటలో ఆమె చేతిలో కుండ ఉంటే, అందులో నీళ్లున్నట్టు పట్టుకుందా, ఖాళీ కుండను నడుముకు అలంకారంగా ఆనించుకుందా? నీళ్లున్న కుండ బరువుకు మెడ నరం బిగుస్తుంది, అడుగు మారుతుంది. మా షూటింగుల్లో కుండలు అన్నీ ఖాళీవే.

ఒంట్లో ఒక భాగాన్ని దగ్గరగా తీయడమే తప్పని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసే ఆడవాళ్ల చేతులను ఎంత దగ్గరగా తీసినా మీకు ఆ మనిషే కనిపిస్తుంది. ఆ వేళ్లకు పని తెలుసు. పని లేని నడుమును అంత దగ్గరగా తీస్తే మనిషి మాయమై నడుము మిగులుతుంది. ఎంత దగ్గర అన్న గడి పక్కనే ఏమి చేస్తున్నారు అన్న గడి పెట్టమన్నది ఇందుకే.

మగవాడి బొమ్మను వదిలేయకండి. మరదలు బావను వెక్కిరిస్తోంది కదా, ఆ వెక్కిరింత పడిన మొహాన్ని చూపించారా? ‘చేతకానివాడా’ అన్న మాట వినపడుతున్నప్పుడు తెర మీద అతను బండి మీద గాలిలో తేలుతూ వస్తుంటే, కెమెరా అతని పరువు కాపాడుతోంది. ఒక్క షాట్‌లోనైనా అతను తడబడి, ఇసుకలో బండి దిగబడి, నలుగురిలో నవ్వులపాలైతే ఆ పాట తీసినవారికి నా నమస్కారం. జానపదంలో ఉన్న సరసం అదే, బావకు ఓడిపోవడం వచ్చి ఉండాలి.

వెనక నిలబడినవారినీ చూడండి. తప్పెటగుళ్లు సంప్రదాయంగా మగవాళ్ల కళ, రొమ్ముకు తప్పెట కట్టుకుని ఎగిరి ఆడతారు. ధింసా ఆడవాళ్లు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపి వరుసకట్టి ఆడేది. పాటల్లో వీళ్లను తెచ్చి బావా మరదళ్ల వెనక నిలబెడతారు. తప్పెటగుళ్ల వాళ్లకు ఒకటో రెండో దగ్గరి షాట్లు దొరుకుతాయి, ఎగిరే కాళ్లు, చెమట పట్టిన మొహం. ధింసా వరుసకు మాత్రం లాంగ్ షాటే, చీరల రంగులు కలిసి అందంగా ఉంటాయని. ఆ వరుసలో ఒక్క మొహమైనా మీకు గుర్తుండిపోయిందా? లేకపోతే అదీ రాయండి. ఆడవాళ్లందరినీ ఒకేలా చూపించలేదన్న సంగతి అక్కడే తేలుతుంది.

1,500 మాటల్లో ఇవన్నీ పట్టవు. మీరు రాసుకున్న షాట్ల లెక్కలో గొంతుకూ చూపుకూ గట్టిగా తగవు పడిన మూడు చోట్లు ఎంచుకుని వాటినే విప్పండి. రెండూ కలిసిన చోటు ఒకటి తప్పకుండా పెట్టండి, లేకపోతే పాట మీద చాడీలు చెప్పినట్టుంటుంది.

పాట తీసినవాళ్లను అడగవచ్చా అన్నారు. తప్పకుండా అడగండి, కానీ ‘పసుపు ఎందుకు పెట్టారు, మీ ఉద్దేశం ఏమిటి’ అని అడగకండి. ఏదో ఒకటి అల్లి చెబుతాం. ఎన్ని రోజులు తీశారు, ఏ షాట్ కష్టమైంది, ఏది తీసేశారు అని అడగండి, అప్పుడు నిజాలు వస్తాయి. మా చింతపల్లి పాటలో అమ్మాయిది ఊదా చీర. దాని మీద ఒక విద్యార్థి రెండు పేజీలు రాసి నాకు చూపించాడు, ఎదురుచూపుకూ దుఃఖానికీ ఊదా రంగు ప్రతీక అని. నిజానికి ఆ అమ్మాయి ఆ రోజు తెచ్చుకున్నవి రెండే చీరలు, ఒకటి ఊదా, ఒకటి ఆకుపచ్చ. రైలు కిటికీ పక్కన కూర్చునే షాట్ ఒకటి ఆకుపచ్చ తెర కట్టి తీయాలి, తర్వాత ఆ ఆకుపచ్చను చెరిపి వేరే దృశ్యం అతికిస్తాం. ఆకుపచ్చ చీర కడితే తెరతోపాటు మనిషి కూడా చెరిగిపోతుంది. అందుకని ఊదా.

అతనికి ఈ సంగతి చెప్పి నవ్వాను. కానీ ఆ రెండు పేజీల్లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పెద్దావిడ మాట విని, లెక్క చూసుకున్నాక, మళ్లీ ఒక సాయంత్రం వెళ్లి రెండు షాట్లు తీసుకొచ్చి కలిపాను. మొదటిది, గంప నెత్తిన పెట్టుకుని ఆమె ఒడ్డున నిలబడటం. రెండోది, ఆమె కంటి ఎత్తు నుంచి ఖాళీ సముద్రం. మొదటి షాట్ గురించి అతను రాశాడు: చీకటి పడుతున్న నీళ్లలో చీర కలిసిపోయి, గంప కింద ఆమె మొహం ఒక్కటే మిగిలిందని. తీసేటప్పుడు నేను అది గమనించలేదు, గంప ఫ్రేములో పట్టిందా లేదా అన్నదే చూసుకున్నాను.